ఎన్ని రొట్టెలు అని అడగని దుకాణం

కాలేజీ హాస్టల్, మేడమీది గది

నాయనమ్మా,

నేను బాగున్నాను, వేళకి తింటున్నాను, చిక్కలేదు. ఈ మూడూ కనబడితే తప్ప మిగతా ఉత్తరం నువ్వు చదవవని ముందే రాసేశాను. ఫోను చేద్దామంటే నీ చెవికి సగం మాటలు, పక్కన నిలబడ్డ నాన్న చెవికి మొత్తం మాటలు చేరతాయి. అందుకే ఈ కాగితం.

అసలు సంగతికొస్తాను. చివరి ఏడాది మేమంతా తలా ఒక పరిశోధనా వ్యాసం రాయాలి. నేను మారణహోమాల మీద రాస్తానన్నాను. లైబ్రరీలో కూచుని నాలుగు దేశాల పుస్తకాలు ముందేసుకుని, ఏ అంకె ఎక్కడ పెట్టాలో తేలక జుట్టు పీక్కుంటూ ఉంటే మా చరిత్ర మేడమ్ వచ్చి చూశారు. ఎక్కడెక్కడి ఊళ్ళో ఎందుకమ్మా, మీ ఊళ్ళోనే జరిగింది కదా, బతికి బయటపడ్డ మనిషి మీ ఇంట్లోనే ఉంది కదా, అది వదిలేసి ఇవన్నీ దేనికి అన్నారు. నాకు సిగ్గేసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని.

చేతులకి పట్టీలు కట్టుకున్నవాళ్ళు ఏటవతలివాళ్ళ, అంటే మీవాళ్ళ, ఇళ్ళమీద పడ్డ ఆ ఏడాది నీకు పదకొండేళ్ళని, మీవాళ్ళెవరూ మిగల్లేదని, ముత్తాత నిన్ను బేకరీ అటకమీద పిండి బస్తాల వెనక దాచాడని, పెద్దయ్యాక ఆయన కొడుకునే పెళ్ళి చేసుకున్నావని నాకు ఉగ్గుపాలతోనే పట్టావు. కానీ వ్యాసానికి అంతే చాలదట. అటకమీద ఏం కనబడేది? తిండెలా వచ్చేది? ముత్తాత ఎలాంటి మనిషి? ఏదీ చిన్నదని వదిలెయ్యకుండా రాయి.

నీ పిడుగు

~

బేకరీ వెనక గది

పిడుగూ,

చిక్కలేదని నువ్వే రాసుకుంటే నేను నమ్మాలా? మీ నాన్న కిందటి నెల వచ్చి చూసి, మెడ ఎముకలు తేలాయన్నాడు.

నీ ప్రశ్నలకి జవాబులు. అటకమీద ఏమీ కనబడేది కాదు. చెక్కల మధ్య ఒక సందు ఉండేది, అందులోంచి దుకాణం మెట్లూ వీధిలో కొంత ముక్కా కనిపించేవి. కింద పొయ్యి, పైన నేను. చలికాలం హాయిగా ఉండేది, ఎండాకాలం వస్తే నేనూ రొట్టెనైపోయేదాన్నేమో. ఒళ్ళంతా పిండి. తుమ్మొస్తే నోట్లో గుడ్డ కుక్కుకునేదాన్ని.

పొయ్యిలోకి రొట్టెలు తోసే పొడుగు చెక్క చూశావుగా, దాని చివర రొట్టెముక్క పెట్టి మామయ్య, అదే మీ ముత్తాత, పైకి అందించేవాడు. నా కోసం వేరే కాల్చలేదు. పిండి పిడికెడు ఎక్కువ కలిపినా పనివాళ్ళు పసిగడతారని తన వాటాలోదే తుంచిచ్చేవాడు. ఆ నెలల్లో ఆయన బాగా చిక్కిపోయాడు.

మామయ్య ఎలాంటివాడంటే, మాట తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. మన దుకాణం మర్యాద నీకు తెలుసు, ఈనాటికీ మీ నాన్న నిలబెడుతున్నాడు. వచ్చినవాళ్ళని ఎన్ని కావాలని అడగం. అది ఆయన పెట్టిన పద్ధతే. ఎవరింట్లో ఎందరు తింటారో ఆయనకి నోటికి వచ్చు. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, ఊరికంటే ముందు ఆయనకి తెలిసేది. మనిషి మెట్టెక్కేలోపు పొట్లం కట్టి ఉండేది. ఒక్క రొట్టె అటూ ఇటూ అయ్యేది కాదు.

ఇవన్నీ నువ్వు అడిగావని రాస్తున్నాను. నీ మేడమ్‌కి చూపించి మార్కులు వేయించుకో, ఫరవాలేదు. నలుగురి ముందూ చదవకు. ఇంటి మాట ఇంట్లోనే బాగుంటుంది. రోజూ పాలు తాగు.

నాయనమ్మ

~

కాలేజీ హాస్టల్, మేడమీది గది

బంగారు నాయనమ్మా,

ముందు నన్ను తిట్టుకో, తర్వాత మెచ్చుకో. చదివేశాను. కాలేజీ పెద్ద హాల్లో, అందరి ముందూ. వద్దన్నావని గుర్తుంది. కానీ మొదటి బహుమతి వచ్చిన వ్యాసం చదవాలన్నది కాలేజీ నియమం. అవును, మొదటి బహుమతే!

రాయడం ఎలా సాగిందో నీకు చెప్పాలి. చనిపోయినవాళ్ళ గురించి రాసి, దాని కింద ఏ పుస్తకం ఎన్నో పేజీ అని వేయడం, ఎవరి ఇంటి తలుపో కొట్టి రసీదు అడిగినట్టు అనిపించింది. అంకెలు రాస్తున్నప్పుడు ఏడుపు రాలేదు. నీ ఉత్తరంలోంచి ఆ రొట్టెముక్క సంగతి ఎత్తి రాస్తున్నప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. వాక్యాలు బాగా కుదురుతున్నాయని నాకు సంతోషం వేసింది. ఇంత ఘోరం గురించి రాస్తూ సంతోషమేమిటని కలం కింద పెట్టాను, మళ్ళీ తీశాను. చివరి భాగం మొత్తం ముత్తాత మీదే రాశాను. ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటే ఒక్క బేకరీ తలుపు తెరుచుకుందని ముగించాను. "ఎన్ని కావాలని అడగని మనిషి, ఎవరివని కూడా అడగలేదు" అన్న వాక్యం దగ్గర హాలంతా చప్పట్లు కొట్టారు.

మన ఊరి మునిసిపాలిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి వ్యాసం అచ్చు వేయిస్తామన్నారు. అంతేకాదు, దుకాణం గోడకి ముత్తాత పేర ఒక రాతిపలక పెడతారట. నాన్నకి అప్పుడే ఫోను చేశాను. గోడకి సున్నం వేయిస్తానన్నాడు. నువ్వేమంటావో వినాలని ఉంది.

నీ పిడుగు

~

బేకరీ వెనక గది

పిడుగుకి,

బహుమతి వచ్చినందుకు సంతోషం.

చదవకు అంటే చదివావు. నియమమట. మీ కాలేజీ నియమం ముందు నా మాట ఎంత? ఎన్నడూ లేనిది నీకు ఉత్తరం రాశాను, దాన్ని మైకులో పెట్టావు. రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వెనక గదికి వచ్చి దండం పెట్టిపోతున్నారు. నేనేమన్నా విగ్రహాన్నా?

పలక వద్దని చెప్పు. మామయ్యకి ఇలాంటివి గిట్టవు. పోయినవాళ్ళ పేర్లు గోడలకెక్కిస్తే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. మీ నాన్నకి చెబితే వినడంలేదు. సున్నంవాడు నిచ్చెన వేసేశాడు. నువ్వు పెట్టిన చిచ్చే కాబట్టి నువ్వే ఆర్పు.

నాయనమ్మ

~

కాలేజీ హాస్టల్, మేడమీది గది

నాయనమ్మా,

నీకు కోపం వచ్చింది. రావాలి కూడా. మాట తప్పాను, కాదనను. కానీ పలక ఎందుకు వద్దో నాకర్థం కాలేదు. ఇంకొకటి, బహుమతి సంబరంలో కిందటి ఉత్తరంలో రాయకుండా దాటేశాను. అది నీకు రాయాలి.

ఆ రోజు హాల్లో చప్పట్లయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసిందట, మనిషి నిటారుగా ఉంది. అందరిముందూ ఏమీ అనలేదు. నేను మెట్లు దిగుతుంటే వచ్చి పక్కన నిలబడింది. ఒకప్పుడు మనవీధి చివర లెక్కల టీచరమ్మ ఉండేదట. ఈవిడ ఆమె కూతురు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. ఆ ఏడాది ఈవిడ నర్సు చదువుకి దూరం వెళ్ళిందట, ఇంట్లో తల్లి ఒక్కతే. ఆ ఒక్క మనిషీ ఏటవతలివాళ్ళని ఇంట్లో దాచిందట. పట్టీలవాళ్ళు వీధిలో ఇంకే ఇంటి తలుపూ కొట్టకుండా తిన్నగా ఆ ఇంటికే వచ్చి, దాక్కున్నవాళ్ళతో సహా ఆమెనీ తీసుకుపోయారట. మళ్ళీ ఎవరూ తిరిగి రాలేదు.

"మీ వ్యాసంలో మా అమ్మ ఎందుకు లేదమ్మా?" అని అడిగింది.

నాకు తెలియదండీ అన్నాను. ఆవిడ తల ఊపింది. వెళ్ళబోతూ ఆగి, "మా అమ్మ కూడా మీ దుకాణంలోనే రొట్టె కొనేది" అంది. కోపంగా అనలేదు. నెమ్మదిగా, రోగికి మందు పేరు చెప్పినట్టు అంది.

ఆ మాట నన్ను వదలడంలేదు. టీచరమ్మ ఇల్లు మనకి నాలుగిళ్ళ అవతలేనట కదా. ఆమె సంగతి నువ్వెప్పుడూ ఎందుకు చెప్పలేదు? ఆమె నీకు తెలుసా? వ్యాసం అచ్చుకి వెళ్ళేలోపు ఆమె గురించి రెండు పేజీలు చేర్చాలి. నీకు గుర్తున్నదంతా రాయి.

పిడుగు

~

బేకరీ వెనక గది

పిడుగుకి,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పొయ్యి గొట్టం కారుతుంటే మీ నాన్న మేస్త్రీని పిలిపించాడు, వాడు ఉన్న కంత మూసి కొత్తది చేసి పోయాడు. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గలేదు. పక్క దుకాణం దర్జీ కూతురికి కవలపిల్లలు పుట్టారు.

టీచరమ్మ మంచిది. పిల్లలకి ఊరికే లెక్కలు చెప్పేది. అంతకుమించి నాకేం తెలుసు? చిన్నపిల్లని. ఎవరు ఎవరింటికి ఎందుకు వెళ్ళారో అటకమీదున్న పిల్లకేం తెలుస్తుంది?

ఆ నర్సమ్మ పాపం తల్లి పోయిన బాధలో ఏదో అంటుంది. అన్నవన్నీ మనసులో పెట్టుకుని తవ్వుకుంటూ పోకు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. వ్యాసం ఉన్నదున్నట్టే ఉంచి, పరీక్షలకి చదువుకో.

నాయనమ్మ

~

కాలేజీ హాస్టల్

నాయనమ్మ గారికి,

మీరు రాసిన ఉత్తరంలో దర్జీ కూతురి కవలలున్నారు, మేస్త్రీ ఉన్నాడు, పొయ్యి గొట్టం ఉంది. నేనడిగింది మాత్రం లేదు. మీరు నాకు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి అనుకున్నాను. తర్వాత కూచుని ఆలోచిస్తే ఇది మొదటిసారి కాదని తెలిసింది.

నా వ్యాసం నేనే మళ్ళీ చదివాను. ఈసారి ఆ నర్సు గారి కళ్ళతో చదివాను. ఎవరింట్లో ఎందరు తింటారో ఆయనకి నోటికి వచ్చని నేనే రాశాను. ఇంటికి చుట్టాలొస్తే ఊరికంటే ముందు ఆయనకే తెలిసేదని నేనే రాశాను. పిండి పిడికెడు పెరిగినా దాచిన మనిషి బయటపడుతుందని ఆయనకి తెలుసని కూడా నేనే, ఎంతో మెచ్చుకుంటూ, రాశాను. ఒంటరిగా ఉండే టీచరమ్మ ఇంటికి పొట్లంలో రొట్టెలు పెరిగితే అది ఎవరికి తెలుస్తుంది? చప్పట్లు కొట్టినవాళ్ళెవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తల్లి పోయిన మనిషికి ఒక్కసారి వినగానే తట్టింది. ఆవిడకి సాక్ష్యం నేనే చదివి వినిపించాను, అదీ రాగం తీసి.

దాచిన మనిషి గురించి మనకి ఎవరు చెబుతారు? దాక్కుని బతికినవాళ్ళు చెబుతారు. టీచరమ్మ దాచినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు కాబట్టి ఆమె ఏ పుస్తకంలోనూ లేదు. ముత్తాత దాచిన పిల్ల మిగిలింది కాబట్టి ఆయనకి పలక. వ్యాసం రాస్తున్నన్నాళ్ళూ ఈ ఒక్క సంగతి నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కించగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ నోరు విప్పలేదు.

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఊహ మీద ఆధారపడి వ్యాసం మార్చకూడదన్నారు. ఆ రొట్టెల పద్ధతి గురించిన పేరా తీసేస్తే గొడవ ఉండదు కదా అన్నారు. నన్ను ఇందులోకి దింపిన మనిషే అలా అంటుంటే వింటూ నిలబడ్డాను. పలక చెక్కడం అయిపోయిందని కూడా చెప్పారు.

నాది ఊహే. అవునో కాదో మీరు చెప్పాలి. నేను పుట్టినప్పటినుంచీ మీ ఒళ్ళో కూచుని విన్న కథ ఇది. దాన్ని నమ్మి నేను నలుగురిలో నిలబడితే, ఒక ముసలావిడ వచ్చి తల్లి ఎందుకు లేదని అడిగితే, తెల్లమొహం వేసుకుని నిలబడాల్సి వచ్చింది. నన్ను అలా నిలబెట్టింది పరాయివాళ్ళయితే ఇంత బాధ ఉండేది కాదు.

మీ మనవరాలు

~

బేకరీ వెనక గది

మనవరాలికి,

'గారు' అన్నావు. 'మీరు' అన్నావు. మొన్నటిదాకా నా కొంగుకి ముక్కు తుడుచుకున్న పిల్లవి. సరే, కానియ్యి.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని నాకు చిన్నప్పుడే అర్థమైంది. నువ్వు పుట్టిన ఇంటివే లెక్కపెట్టావు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. అవును.

పట్టీలవాళ్ళు పొద్దున్నే దుకాణంలోకి వచ్చారు. అటకమీద ఏముందన్నారు. పిండి అన్నాడు మామయ్య. నిచ్చెన తెమ్మన్నారు. తెచ్చాడు. నిచ్చెన చివర అటక అంచుకి తగిలిన చప్పుడు నా తలపక్కనే వినపడింది. ఒకడు రెండు మెట్లు ఎక్కాడు. అప్పుడు మామయ్య గొంతు వినపడింది. ఆ గొంతు నాకు ఈనాటికీ వినపడుతూనే ఉంటుంది. "నా పిండిలో కాళ్ళు పెట్టి ఏం చేస్తారయ్యా? లెక్కల టీచరమ్మ ఒక్కతే కదా ఉండేది, వారం నుంచి నాలుగేసి రొట్టెలు తీసుకుపోతోంది. అక్కడ చూడండి" అన్నాడు. ఎక్కినవాడు దిగిపోయాడు.

తర్వాత మామయ్య ఆ పొడుగు చెక్క చివర నాకు రొట్టె అందించాడు. నేను తిన్నాను. ఆకలేసింది, తిన్నాను.

ఇప్పుడు చెప్పు, ఆయన్ని నేనేమనాలి? తిడితే నా ప్రాణాన్ని తిట్టుకున్నట్టు. పొగిడితే టీచరమ్మ ఇంట్లో పోయినవాళ్ళ మీద ఉమ్మినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ ఇంట్లోనే కోడలినయ్యాను. చివరి రోజుల్లో ఆయనకి గంజి నేనే పట్టాను. నేను విన్నానని ఆయనకి తెలుసో లేదో ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. మీ తాతయ్యకి చెప్పలేదు, మీ నాన్నకి తెలియదు. పండు సగం పుచ్చితే ఆ సగం కోసేసి మంచి సగం పిల్లల చేతిలో పెడతాం. నీకూ అదే పెట్టాను. అది మోసమైతే మోసమే అనుకో.

మరి నువ్వు చేసిందేమిటి? నేను ఉత్తరంలో రాసుకున్న మాట మైకులో పెట్టొద్దన్నాను. పెట్టావు. ఇంట్లో ఉన్నంతకాలం అది నా నోట్లో ముల్లు, నేను ఓర్చుకున్నాను. నువ్వు దానికి పలక కట్టిస్తున్నావు. నా వైపు వేలు చూపించేముందు నీ చేతివైపు కూడా ఒకసారి చూసుకో.

ఇది నీ వ్యాసంలో రాయడానికి కాదు. నేను ఎక్కడా సాక్ష్యం చెప్పను.

నాయనమ్మ

~

కాలేజీ హాస్టల్

నాయనమ్మా,

'గారు' తీసేశాను. కోపం పోయి కాదు. అలా రాస్తే ఎవరికో రాసినట్టుంది, నాకు పోట్లాడటానికి నువ్వే కావాలి.

వాసాలన్నావు. మనింట్లో లెక్కపెట్టే అలవాటు నాతో మొదలవలేదు. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, ఉంచేశాను.

నువ్వన్నదాంట్లో నిజముంది. వద్దన్నది చదివాను, బహుమతి కోసమే చదివాను. నియమం అన్నది సాకు. ఇవాళ వ్యాసం వెనక్కి తీసుకున్నాను. తప్పుగా రాశానని, అచ్చు వేయొద్దని కాగితం పెట్టాను. కారణం అడిగితే చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు. మేడమ్ మొహం తిప్పుకున్నారు. ఈ ఏడాది నాకు పట్టా రాదు. నాన్నకి ఫోను చేస్తే, ఊరందరి ముందూ తాతని లేపి మళ్ళీ పడగొట్టావు, ఇంటికి రాకు అన్నాడు. పలక మాత్రం పెట్టి తీరుతాడట.

నువ్వు పదకొండేళ్ళ పిల్లవి. నీ తప్పేమీ లేదు. అప్పటి సంగతికి నిన్ను ఒక్క మాట అనను. కానీ నేను వ్యాసం రాస్తున్నానని చెప్పిన రోజున నువ్వు పదకొండేళ్ళ పిల్లవి కావు. ఆ రోజు నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. నన్ను ఆపి ఉండాల్సింది. దానికి నిన్ను క్షమించానని రాయలేను, అబద్ధమవుతుంది. మన మధ్య అబద్ధాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

సాక్ష్యం చెప్పనన్నావు. వ్యాసానికి వద్దు, మునిసిపాలిటీకి వద్దు. ఆ నర్సు గారు మాత్రం ఇన్నేళ్ళుగా, తల్లిని ఎవరు పట్టించారో తెలియకుండా ఆ వీధివాళ్ళెవరు కనబడినా మొహంలోకి చూస్తూ బతికింది. ఆవిడ ఉండే చోటు ఉత్తరం వెనక రాశాను. బస్సు దిగితే ఎదురుగానే, ఆస్పత్రి వెనక పాత మేడ.

పిడుగు

~

బేకరీ వెనక గది

పిడుగూ,

ముందు ఇంటి సంగతి రాస్తాను. పలక వచ్చింది. నలుగురు మోసుకొచ్చి దింపారు. వాళ్ళు మేకులు కొట్టేలోపు మీ నాన్నని లోపలికి పిలిచి చెప్పాను. నీకు రాసిందే చెప్పాను. వాడు గోడకి ఆనుకుని విన్నాడు. బయటికి వెళ్ళి, వచ్చినవాళ్ళకి కూలి ఇచ్చి పంపేశాడు. పలక నా మంచం పక్కనే ఉంది, గోడవైపు తిప్పి ఆనించాడు. అప్పటినుంచీ నాతో మాట్లాడటంలేదు. దుకాణంలో మాత్రం, వచ్చినవాళ్ళని ఎన్ని కావాలండీ అని అడుగుతున్నాడు. వాళ్ళు బిత్తరపోతున్నారు. నీకు వాడే రాస్తాడు, కాస్త ఆగు.

నిన్న నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఒకటే గది. మంచంమీద దుప్పటి ఆస్పత్రిలోలాగా మడతలు పెట్టి బిగించి ఉంది. నన్ను కుర్చీలో కూచోబెట్టి తను మంచం అంచున కూచుంది. ఫలానా బేకరీ కోడల్ని, అటకమీదున్న పిల్లని నేనేనన్నాను. తెలుసు, మీరు ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను అంది. మామయ్య అన్న మాట, అన్నది అన్నట్టు చెప్పాను. ఆవిడ ఏడవలేదు. వేళ్ళు మాత్రం దుప్పటి మడతని సర్దుతూనే ఉన్నాయి. అయిపోయాక ఒక్కటే అడిగింది. మా అమ్మ మీకు తెలుసా, మీరు ఆమెని చూశారా అంది.

పిడుగూ, ఇది నీకు కూడా చెప్పలేదు. మొన్నటి ఉత్తరంలో రాయబోయి కలం ఆపేశాను. మామయ్య మాట అయినా చెప్పగలను కానీ ఇది చెప్పలేననుకున్నాను.

మావాళ్ళు పోయాక నన్ను వీధిలోంచి లోపలికి లాగింది మామయ్య కాదు. టీచరమ్మ. మూడు రోజులు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆ తర్వాత ఇంకో కుటుంబం వచ్చింది, చోటు చాల్లేదు, పైగా నాకు దగ్గు. తెల్లవారకముందే వెనకసందులోంచి చెయ్యిపట్టుకుని బేకరీకి తీసుకొచ్చింది. దీన్ని నువ్వు ఉంచుకోవాలని మామయ్యతో అంది. ఆయన భయమేస్తోందన్నాడు. "భయపడుతూనే ఉంచుకో" అంది ఆమె. నా నెత్తిమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజు పట్టీలవాళ్ళు ఆమెనీ ఆ కుటుంబాన్నీ తీసుకుపోతూ దుకాణం ముందు ఆపారు. నేను పైనుంచి చెక్కల సందులోంచి చూస్తున్నాను. పట్టీవాడు ఆమెనే అడిగాడు. ఇంకా ఎవరింట్లో ఉన్నారో చెబితే నిన్నొక్కదాన్నీ వదిలేస్తామన్నాడు. మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. పట్టించిందెవరో ఆమెకి అర్థమైంది, లెక్కల టీచరు కదా. నేను పైన ఉన్నానని తెలుసు. నాకు తెలియదు అని చెప్పి నడిచింది.

నర్సమ్మకి ఇదంతా చెప్పాను. మీ అమ్మ ఒక్క మాట అని ఉంటే నేను లేను, నా కొడుకు లేడు, నా మనవరాలు లేదన్నాను. ఇన్నేళ్ళూ ఆమె పేరు మింగేసి ఇంకొకరి పేరు చెప్పుకున్నానన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది.

"ఆ ఒక్క మాట మా అమ్మ అనేసి ఉండాల్సింది" అంది.

నేను అవునన్నాను.

నాయనమ్మ